ఎత్తు మీద తడబాటు

ఫిబ్రవరి 3, 1994, గురువారం

కారు ఈ రోజు మళ్లీ తడబడింది. ఫిల్మ్ నగర్ నుంచి చెక్‌పోస్ట్‌కు ఎక్కే రోడ్డులో, ఎత్తు సగానికి వచ్చాక, సరిగ్గా ఊపు అందుకునే చోట. దూసుకుపోతున్న బండి ఒక్క క్షణం నీరసించి, మళ్లీ ఎగిరి దూకింది. పక్క సీట్లో ఉన్న నేను ముందుకు తూలి డాష్‌బోర్డు పట్టుకున్నాను. ఆయన గేరు మార్చి, ఇంటిదాకా నోరు మెదపకుండా నడిపారు.

కొబ్బరికాయ కొట్టి వారం తిరగలేదు, అప్పుడే దీనికి జబ్బు. మా నిర్మాత సూర్యప్రకాశరావు గారికి ఇంపోర్టెడ్ అంటే చాలు, కళ్లు మూసుకుని కొనేస్తారు. క్లైమాక్స్‌లో హీరో కారుతో రాళ్ల క్వారీలో ఒక గండి దాటి దూకాలి. అక్కడ పరుగు తీయడానికి చోటు తక్కువ. ఆ కాస్త దూరంలో మామూలు కారుకు అంత వేగం రాదు. అందుకని బొంబాయి వెళ్లి ఎవరో వాడి వదిలేసిన ఈ జపాన్ కారు తెచ్చారు. టర్బో అట. యాక్సిలరేటర్ తొక్కితే మొదట బుద్ధిగా కదులుతుంది, తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు పరుగెడుతుంది. హీరో ఎలాగూ ఇందులో కూర్చోడు. అతని చొక్కా, అతని విగ్గు తగిలించుకుని మా ఆయన కూర్చుంటారు. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, పడేది మా ఆయన, లేచి దుమ్ము దులుపుకునేది హీరో.

ఫైట్ మాస్టర్ అయ్యాక అయినా మానేయవచ్చు కదా. రాఘవ మాస్టర్ అంటే కారు జంప్, కారు జంప్ అంటే రాఘవ మాస్టర్ అని పేరు పడింది. ఆ పేరు వినపడితే చాలు, వీరరాఘవయ్య గారికి వయసు గుర్తుండదు.

సాయంత్రం ఓదెలు వచ్చి కారు కడిగాడు. మేం మద్రాసు నుంచి ఇక్కడికి మారిన దగ్గర్నుంచీ ఆయన దగ్గర అసిస్టెంట్. రహమత్ నగర్ పిల్లవాడు, పిల్లవాడంటే ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. బయటంతా కడిగాడు గాని డ్రైవర్ సీటు వైపు చెయ్యి పెట్టలేదు. అది మా ఫైటర్ల పద్ధతి. కొబ్బరికాయ కొట్టింది మొదలు జంప్ అయ్యేదాకా, దూకేవాడు తప్ప మరొకరు ఆ కారు నడపకూడదు. చెయ్యి మారితే కారు మాట వినదంటారు. నేను హీరోయిన్లకు డూపుగా ఉన్న రోజుల్లో ఈ నియమం నాకూ ఉండేది. నా బండి ఎక్కాడని ఒక కెమెరా అసిస్టెంట్ చెంప పగలగొట్టాను. భుజం ఎముక విరిగి మానేసేదాకా నా బండి ఇంకొకరు తాకలేదు.

ఫిబ్రవరి 5

మోతీనగర్‌లో బాలనర్సయ్య షెడ్డుకు తీసుకెళ్లాం. ఇలాంటి కార్లు చూసినవాడు ఊళ్లో ఇతనొక్కడేనని స్టూడియోలో చెప్పారు. చూసినవాడే గాని విప్పినవాడు కాదని అతనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. బానెట్ ఎత్తి చాలాసేపు ఇటూ అటూ తిరిగాడు. పెట్రోల్‌లో గాస్‌నూనె కలిసి ఉంటుందని తేల్చాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చేశాడు. అందులోంచి నిజంగానే మడ్డి వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. ఆ మడ్డిని వేలితో తీసి నాకు చూపించారు.

ఫిబ్రవరి 6

తడబడలేదు.

ఫిబ్రవరి 8

ఆయన గేటు తీసుకుని లోపలికి వస్తుంటే కుడికాలి చెప్పు వాకిట్లోనే ఊడిపోయింది. చూసుకోకుండా గుమ్మం దాకా ఒక చెప్పుతోనే వచ్చారు. నేను నవ్వాను. ఆయన కాలివైపు చూసుకుని, తర్వాత నవ్వారు. పట్టీ వదులైపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 10

మళ్లీ అదే చోట, అదే తడబాటు. ఈసారి ప్లగ్గులు మార్చారు. వైర్లు మార్చారు. గాలి ఫిల్టర్ విప్పి దులిపితే దానిలో బొంబాయి దుమ్మంతా ఉంది. విచిత్రం ఏమిటంటే షెడ్డులో నిలబెట్టి ఎంత రైజ్ చేసినా ఇంజన్ పాటలా మోగుతుంది. రోడ్డెక్కి, ఎత్తు ఎక్కి, బలం అడిగినప్పుడే మొరాయిస్తుంది. అదీ ప్రతిసారీ కాదు. బాలనర్సయ్య ఆయన పక్కన కూర్చుని బోరబండ దాకా వెళ్లి వచ్చాడు, అప్పుడు ఒక్కసారి కూడా చేయలేదు. డాక్టరును చూడగానే జ్వరం తగ్గే పిల్లలుంటారే, అలా.

ఆయనకు ఈ మధ్య కోపం ఎక్కువైంది. కూరలో ఉప్పు సరిపోయినా కోపమే.

ఫిబ్రవరి 13, ఆదివారం

దొరికింది! టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు పైపు, దాని క్లిప్పు వదులుగా ఉంది. గట్టిగా తొక్కినప్పుడు గాలి ఆ సందులోంచి పోతోందట. బాలనర్సయ్య నన్ను పిలిచి మరీ చూపించాడు. ఇంజన్ వదిలే పొగ ఒక పంకాను తిప్పుతుంది, ఆ పంకా గాలిని ఒత్తి మళ్లీ ఇంజన్‌లోకే తోస్తుంది, అదే టర్బో అంటే. పంకా తిరగడం అందుకునేదాకా బలం రాదు. గాలి ఎక్కడ కారినా బలం పోతుంది.

కొత్త క్లిప్పు బిగించి నాలుగైదు సార్లు చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కించారు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన తిరిగి వస్తూ స్టీరింగ్ మీద తాళం వేస్తూ పాడారు. ఎన్నాళ్లయింది ఆయన పాడి. గారెలు వేశాను. ఓదెలు, బాలనర్సయ్య కూడా తిన్నారు. నా గారెలకు చిల్లు పెద్దదని ఆయన వాళ్ల ముందే ఎగతాళి చేశారు, నేనూ ఊరుకోలేదు. సంతోషంగా గడిచింది ఈ రోజు.

ఫిబ్రవరి 17

నాలుగు రోజులుగా స్టూడియోలో లోపలి సీన్లు. కారు ఎక్కువగా తీయలేదు. తీసినప్పుడు బాగానే ఉంది.

ఫిబ్రవరి 18

మళ్లీ వచ్చింది.

వెనక సీట్లో ఓదెలు ఉన్నాడు. ముగ్గురం ఒక్కసారే ముందుకు ఊగాం.  అట్నుంచి అటే మోతీనగర్ వెళ్లాం. బాలనర్సయ్య క్లిప్పులన్నీ మళ్లీ చూశాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. తల గోక్కున్నాడు. బానెట్ కింద నుంచే అన్నాడు:

“కాలు జర తీసి మళ్ల తొక్కితే గిట్లనే అయితది. పంకా స్లో అయితది, మళ్ల అందుకునేదాంక బండి ఆగినట్టే ఉంటది. గాని మాస్టర్ కాలు గట్లెందుకు జేస్తది?”

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. రాఘవ మాస్టర్ కాలు సంగతి ఎవరికి తెలియదు? రూపాయి బిళ్ల మీద కారు చక్రం ఆపగల కాలు అది.

క్వారీలో షాట్ ఎలా తీస్తారో ఈ రోజే పూర్తిగా విన్నాను. గండి కింద గోతిలో కెమెరా పెడతారట. కారు పొట్ట కెమెరా మీదుగా వెళ్లాలట. గోతిలో కెమెరామన్‌తో పాటు ఓదెలు ఉంటాడు, ఏదైనా జరిగితే అతన్ని పక్కకు లాగడానికి. ఈ ఏర్పాటు ఆయనే చేశారు. ర్యాంప్ మీద కారు తడబడితే గండి దాటదు. దాటకపోతే వాళ్ల మీదే పడుతుంది. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. ఈ ఇంజన్ రోగం ఏమిటో తేలి తీరాలి.

ఫిబ్రవరి 20

షెడ్డులో గొడవ. బాలనర్సయ్య చేతులు తుడుచుకుని ఆయన ముందు నిలబడ్డాడు. “నేను జర తోలి చూస్త మాస్టర్. పక్కన కూసుంటే నాకేం సమజైతది?” అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. చెయ్యి మారకూడదన్నారు. అతను బతిమాలాడు. ఆయన గొంతు పెంచారు. నేను ఆయన పక్షానే మాట్లాడాను. మా పద్ధతులు మాకుంటాయి, మీ షెడ్డులో మీ పద్ధతులు మీకుండవా అని దబాయించాను. బాలనర్సయ్య మొహం చిన్నబోయింది. పాపం అనిపించింది గాని, పద్ధతి పద్ధతే.

ఇల్లు చేరాక కార్పెట్ అంచు తగిలి ఆయన ముందుకు పడబోయారు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆ కార్పెట్ తీసి అటక మీద పడేశాను. ఎప్పటినుంచో తీసేయాలనుకుంటున్నదే.

ఫిబ్రవరి 22

నిన్న యూనియన్ మీటింగుకు ఆయన మద్రాసు వెళ్లారు. కారు తాళం దేవుడి గూట్లో పెట్టి వెళ్లారు.

పొద్దున దీపం పెట్టడానికి వెళ్లినదాన్ని తాళం తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో సమాధానం చెప్పుకోలేను. తీసుకున్నాను, అంతే. సరిగ్గా అప్పుడే ఓదెలు కారు తుడవడానికి వచ్చాడు. ఎక్కి కూర్చో అన్నాను.  “అక్కా, మాస్టర్‌కు తెలిస్తే” అని ఆగిపోయాడు. మాస్టర్‌కు నేను చెప్పుకుంటానులే అన్నాను.

ఎన్నేళ్లయింది ఇలాంటి బండి పట్టుకుని. చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చున్నాను. ఫిల్మ్ నగర్ మలుపు దాటాక తొక్కాను. మొదట మామూలుగా కదిలింది, తర్వాత నన్ను సీటుకు అదిమి పట్టి ఎత్తు మీదికి లాక్కుపోయింది. నాకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. చెక్‌పోస్ట్ దగ్గర తిప్పుకుని కిందకు వచ్చి మళ్లీ ఎక్కించాను. మళ్లీ. మళ్లీ. ఎండెక్కాక ఇంజన్ వేడి మీద ఎక్కించాను. మెల్లగా తొక్కి, ఒక్కసారిగా తొక్కి, గేరు ముందుగా మార్చి, ఆలస్యంగా మార్చి, ఎన్ని రకాలుగా తెలుసో అన్ని రకాలుగా ఎక్కించాను.

ఒక్కసారి కూడా తడబడలేదు.

కిందకు దిగేటప్పుడు ఓదెలు, “బండి మంచిగనే ఉంది గదక్కా” అన్నాడు. అని కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. రహమత్ నగర్ సందు మొదట్లో వాణ్ణి దించాను. మాస్టర్‌కు చెప్పకు అన్నాను. దేని గురించి అని వాడు అడగలేదు, తల ఊపి వెళ్లిపోయాడు.

ఓదెలు ఆయన కంటే బరువు తక్కువ ఉంటాడేమో. బరువు తక్కువైతే ఇంజన్‌కు శ్రమ ఉండదు.

ఫిబ్రవరి 23

బరువు సంగతి కాదేమో. ఒక రోజంతా నిలబడి ఉండటం వల్ల కారు దానంతట అదే సర్దుకుని ఉండాలి. ఎలక్ట్రికల్ లోపాలు అలాగే పోతాయట.

ఫిబ్రవరి 25

ఆయన వచ్చారు. సాయంత్రం నన్ను ఎక్కించుకుని చెక్‌పోస్ట్ దాకా వెళ్లారు. తడబడింది. రెండుసార్లు.

నేను బానెట్ వైపే చూస్తూ కూర్చున్నాను. కిందకు చూడలేదు.

ఫిబ్రవరి 26

అమీర్‌పేట వెళ్లి ఆయనకు కొత్త చెప్పులు కొన్నాను. మడమ వెనక పట్టీ ఉన్నవి. ఇవి ఊడవు.

ఫిబ్రవరి 28

సూర్యప్రకాశరావు గారు ఇంటికి వచ్చారు. వచ్చే ఆదివారం జంప్. హీరో డేట్లు ఆ తర్వాత లేవట, హీరో అక్కడ చేసే పనేమీ లేకపోయినా. కారు సరిగ్గా ఉందా అండీ అని అడిగారు. ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ, ఉందండీ అన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. నేనూ కాదనలేదు.

మార్చి 1, మంగళవారం

ఈ రోజు కిందకు చూశాను.

వేరే ఎవరైనా అయితే ఎప్పుడో చూసేవాళ్లు. ఎత్తు మొదలవగానే రోడ్డు వదిలేసి ఆయన కుడికాలి మీద కళ్లు పెట్టి కూర్చున్నాను. పాదం యాక్సిలరేటర్‌ను నిండుగా తొక్కి ఉంది. ఎత్తు సగంలో అది మెత్తబడింది. నిద్రపోతున్న పిల్లాడి చెయ్యి మంచం మీంచి వేలాడినట్టు పెడల్ మీంచి పక్కకు జారింది. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది, మోకాలు ఎక్కడుందో అక్కడే ఉంది, పాదం ఒక్కటే ఆయనది కానట్టు పడి ఉంది. కారు నీరసించింది. ఆయన తొడతో కాలిని ఎత్తి మళ్లీ పెడల్ మీద వేశారు. పంకా అందుకుంది. కారు దూకింది.

“ఈ దరిద్రపు ఇంజన్” అన్నారు ఆయన.

అవును అన్నాను నేను.

మార్చి 2

ఇడ్లీ పిండి పులిసిపోయింది. పారబోశాను. 

గోతిలో ఓదెలు.

మార్చి 3, గురువారం

చెప్పేశాను. వరసగా రాసి పెట్టుకుంటాను, లేకపోతే తర్వాత నాకు నచ్చినట్టు మార్చుకుంటాను.

మధ్యాహ్నం ఆయన మళ్లీ మోతీనగర్ బయలుదేరారు. బాలనర్సయ్య బొంబాయి నుంచి ఏదో కంప్యూటర్ పెట్టె తెప్పించాడట, అది మారిస్తే తడబాటు తప్పకుండా పోతుందట. నేనూ వస్తానని ఎక్కాను. చెక్‌పోస్ట్ దాటాక రాళ్ల పక్కన ఆపమన్నాను. ఆపారు. ఇంజన్ కట్టేయమన్నాను. కట్టేశారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మీరు మద్రాసులో ఉన్నప్పుడు నేను ఈ కారు నడిపాను అన్నాను.

ఆయన మండిపడ్డారు. చెయ్యి మారుస్తావా, నువ్వు, అన్నీ తెలిసిన నువ్వు, అని అరిచారు. నా జీవితంలో నన్ను అంత మాట అనలేదు. అననిచ్చాను. అలసిపోయి ఆగాక చెప్పాను. ఆ రోజంతా ఎక్కించానండీ, ఎండలో ఎక్కించాను, ఇంజన్ వేడి మీద ఎక్కించాను, ఒక్కసారి తడబడలేదు. ఇంజన్‌లో ఏమీ లేదు.

ఆయన స్టీరింగ్ పట్టుకుని రాళ్లవైపు చూస్తున్నారు.  ఒక లారీ వెళ్లింది, దుమ్ము లేచి సర్దుకుంది. అప్పుడు మెల్లగా అన్నారు.

“తెలుసు రత్నం.”

దీపావళికి ముందు నుంచీ ఉందట. మొదట తిమ్మిరి అనుకున్నారట. నడుములోంచి ఒక తీగ లాగినట్టవుతుంది, ఆ తర్వాత పాదం ఉన్నట్టే తెలియదు, కాసేపటికి దానంతటదే వస్తుంది. ఇన్నేళ్లు మేడల మీంచి, గుర్రాల మీంచి పడిన నడుము. ఎవరికి చెప్పినా మర్నాటికి ఫిల్మ్ నగర్ అంతా తెలుస్తుందని చెప్పలేదట. ఇంతలో ఈ కారు వచ్చింది. మొదటిసారి తడబడినప్పుడు నేను, ఇంజన్‌లో ఏదో ఉందండీ అన్నానట. నాకు గుర్తులేదు. ఆ మాట పట్టుకున్నారు.

“బాలనర్సయ్య బానెట్ ఎత్తినప్పుడల్లా ఏదో ఒకటి దొరకాలని మొక్కుకునేవాణ్ణి. దొరికేది కూడా. మడ్డి దొరికింది. క్లిప్పు దొరికింది. ఆ రోజు నిజంగానే పోయిందనుకున్నాను.”

నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. నేనూ అంతేనండీ, ఇంజనే అయితే బాగుండునని ఎన్ని సాకులు వెతుక్కున్నానో అన్నాను. చెప్పులు, కార్పెట్ అన్నీ చెప్పాను. ఆయన కాళ్లకున్న కొత్త చెప్పుల వైపు చూసుకుని, ఇందుకా ఇవి, అన్నారు.

అప్పటికైనా దిగుతారనుకున్నాను. దిగలేదు. ఆదివారం ఒక్కటి చేసేస్తానన్నారు. ర్యాంప్ మీద ఉండేది రెండు క్షణాలు, ఆ రెండు క్షణాల్లోనే రావాలా, మామూలుగా ఎప్పుడో ఒకసారి గదా వచ్చేది, ఇది అయ్యాక నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికల్లా వస్తాను. మా పెళ్లినాటి గొంతుతో అడిగారు. మీ ప్రాణం గురించి నేను మాట్లాడను, నా మాట ఎప్పుడు విన్నారు గనక, అన్నాను. ఆయన తేలిగ్గా నవ్వబోయారు.

“గోతిలో ఓదెలు ఉంటాడు” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఆయన చేతులు స్టీరింగ్ మీంచి ఒడిలోకి జారాయి. తలుపు తీసుకుని దిగారు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి నడుస్తూ నా వైపు వచ్చారు. నేను లోపల నుంచే డ్రైవర్ సీట్లోకి జరిగాను. ఇంటికి నేను తీసుకొచ్చాను.

మార్చి 4

ఓదెలును పిలిపించారు. కారు ముందు ఇంకో కొబ్బరికాయ కొట్టించి తాళం వాడి చేతిలో పెట్టారు. మా పద్ధతిలో ఇలా మధ్యలో చెయ్యి మార్చడం నేనెప్పుడూ చూడలేదు. వాడు తాళం వైపు చూసి వెనక్కి జరిగాడు.

“నాతోని కాదు మాస్టర్. మీరే జేయాలె” అన్నాడు.

ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశారు. నా కాలు నా మాట వినడం లేదురా అని మామూలు గొంతుతో చెప్పారు, పంటి నొప్పి గురించి చెప్పినట్టు. ఓదెలు ఏమీ ఆశ్చర్యపోలేదు. తల దించుకుని, మద్రాసు పోయినప్పటి సంగతి తనే బయటపెట్టాడు. “ఆ దినమే సమజైంది మాస్టర్. నోరు రాలే” అన్నాడు.

ఇద్దరూ కలిసి బాలనర్సయ్య దగ్గరికి వెళ్లి పెట్టె వద్దని చెప్పి వచ్చారు. ఇంజన్‌లో ఏ లోపమూ లేదని ఆయనే చెప్పారట. అతను ఎందుకని అడగలేదట. టీ తెప్పించాడట.

సాయంత్రం నుంచి చీకటి పడేదాకా క్వారీలో ఓదెలుకు నేర్పారు. పంకా అందుకోకముందే ర్యాంప్ ఎక్కకు, ముందుగా తొక్కి పట్టు, వీపు సీటుకు అంటుకున్నాక వదలకు. నేను బండరాయి మీద కూర్చుని చూశాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మార్చి 5

గోతిలో ఓదెలు చోట ఎవరుంటారని సూర్యప్రకాశరావు గారు అడిగారట. నేనుంటాను అన్నారట ఈయన.

విని, చేస్తున్న పని ఆపి కూర్చున్నాను. కెమెరామన్‌ను లాగడానికి చేతులు చాలు రత్నం, కాళ్లతో పనిలేదు, అన్నారు. వద్దనడానికి నోరు తెరిచాను. ఓదెలు భార్య కూడా ఇలాగే నోరు తెరిచి మూసుకుని ఉంటుంది ఇన్నాళ్లూ. కందిపొడి అన్నంలో కలిపి పెట్టాను. తిన్నారు.

మార్చి 6, ఆదివారం

అయింది.

ఓదెలు హీరో చొక్కా వేసుకుంటే చేతులు పొడుగయ్యాయి, పిన్నీసులు పెట్టాను. విగ్గు పెట్టుకున్నాక ఎవరో తెలియలేదు. ఆయన గోతిలోకి దిగేటప్పుడు నావైపు చూడలేదు, చూస్తే నేను ఏడుస్తానని కాబోలు. సూర్యప్రకాశరావు గారు నా పక్కన నిలబడి ఏవేవో దేవుళ్ల పేర్లు చెప్పుకుంటున్నారు. నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. చెవులు మాత్రం పెట్టాను. కారు అటు చివర కదిలింది. మొదట మామూలు చప్పుడు. తర్వాత పంకా అందుకుంది, నాకు ఆ ఈల ఇప్పుడు నిద్రలో కూడా తెలుస్తుంది. అందుకుని, పెరిగి, ఎక్కడా తెగకుండా ర్యాంప్ ఎక్కింది. ఆ తర్వాత చప్పుడు లేదు. తెల్లటి కారు గండి మీద గాలిలో ఉంది. అవతల గట్టు మీద ముందు చక్రాలు పడి, ముక్కు నేలకు కొట్టుకుని, లేచి, అడ్డంగా తిరిగి ఆగింది.

అందరూ ఓదెలు వైపు పరుగెత్తారు. నేను గోతి వైపు పరుగెత్తాను. కెమెరామన్ ముందు ఎక్కి వచ్చాడు. ఆయన నిచ్చెన మధ్యలో ఆగిపోయారు, తలనిండా దుమ్ము, కుడికాలు మెట్టు మీద నిలవడం లేదు. నేను చెయ్యి అందించేలోగా ఓదెలు విగ్గుతోనే అటు నుంచి చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి ఆయన్ని పైకి లాగేశాడు. లాగి అలాగే పట్టుకున్నాడు. గురుశిష్యులు కౌగిలించుకున్నారని అందరూ చప్పట్లు కొట్టారు. స్టిల్ ఫోటోగ్రాఫర్ ఫోటో కూడా తీశాడు.

మార్చి 7, సోమవారం

పంజాగుట్ట ఆసుపత్రికి వెళ్లి వచ్చాం. నడుము ఎక్స్‌రే తీశారు. ఇంకా పెద్ద పరీక్ష చేయాలట, రేపు మళ్లీ రమ్మన్నారు. నరం నొక్కుకుని ఉండవచ్చు అన్నాడు డాక్టరు. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని కోప్పడ్డాడు. కారు రిపేర్‌లో ఉందండీ అన్నారు ఈయన. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు నవ్వు ఆగలేదు, బయటకు వెళ్లి నవ్వుకున్నాను, కాసేపు ఏడ్చాను కూడా.

వెళ్లింది ఆ కారులోనే. షెడ్డులో పెట్టేదాకా మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు సూర్యప్రకాశరావు గారు. ముందు బంపర్ లేదు, ఒక లైటు లేదు, బానెట్ తాడుతో కట్టి ఉంది. రోడ్డు మీద అందరూ ఆగి చూశారు. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ఆ సీట్లో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకున్నారు.

ఫిల్మ్ నగర్ మలుపు తిరిగి ఎత్తు మొదలయ్యాక యాక్సిలరేటర్ తొక్కాను. ఓరగా చూస్తే ఆయన కుడికాలు కూడా కింద రబ్బరు మ్యాట్‌ను తొక్కుతోంది, నాతో పాటే, నా అంత గట్టిగా. ఇద్దరం తొక్కుతూ సగం ఎత్తు ఎక్కాం. అక్కడ ఆయన పాదం మెత్తబడి పక్కకు జారింది. ఆయన దానివైపు చూసుకున్నారు. ఆ తర్వాత తలెత్తి రోడ్డు వైపు చూశారు.

కారు ఆగలేదు.